స్టోరు గది తలుపు కన్నా ముందు రిజిస్టరు తెరవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నరసన్నపేట దగ్గర మీ ఊళ్లో గ్రంథాలయానికి ఆనుకుని ఒక చిన్న మ్యూజియం ఉంది. చుట్టుపక్కల కుటుంబాలు నలభై ఏళ్లుగా ఇచ్చిన వస్తువులు సుమారు 1,100 పోగయ్యాయి. కింద హాల్లో అద్దాల బీరువాల్లో 90 మాత్రమే పట్టాయి. మిగతావన్నీ మేడ మీద గదిలో పెట్టి తాళం వేశారు. ఆ గదిని జనానికి చూపించాలని మీకు ఉంది. వస్తువులు పోతాయని, పాడవుతాయని కమిటీ పెద్దలు వెనకాడుతున్నారు. ఏం చేయాలి?

తప్పకుండా చూపించండి. ఇరవై తొమ్మిదేళ్లు మ్యూజియం స్టోర్లలోనే పనిచేసి, ఇప్పుడు విజయనగరంలో విశ్రాంతి తీసుకుంటున్న మనిషిగా ఈ మాట చెబుతున్నాను. నేను చూసినంతలో స్టోరు గదుల్లో ఎక్కువ వస్తువులు పాడైంది ఎవరూ చూడకపోవడం వల్లనే. నలుగురు తిరిగే గదిలో చెద పడితే వారంలో కంటపడుతుంది. తాళం వేసిన గదిలో అది బయటపడేసరికి పెట్టె అడుగున మట్టి మిగులుతుంది. అయితే మీ పెద్దల భయాన్ని కొట్టిపారేయకండి. అందులో న్యాయమైన ప్రశ్న ఒకటి ఉంది. ఈ రోజు ఒక వస్తువు పోతే, పోయిందని మీకు ఎన్నాళ్లకు తెలుస్తుంది? దీనికి గట్టి జవాబు చెప్పగలిగేదాకా తలుపు తెరవకండి.

అందుకే ముందు రిజిస్టరు. ఒక ఆదివారం ఇద్దరు కూర్చోండి. రిజిస్టరులో కళ్లు మూసుకుని పది నంబర్లు ఎంచి, ఆ పది వస్తువుల కోసం గదిలో వెతకండి. తర్వాత గదిలో చేతికందిన పది వస్తువులు తీసి, అవి రిజిస్టరులో ఎక్కడున్నాయో చూడండి. రెండు వైపులా పదికి పది రావాలి. నేను ఈ పరీక్ష పెట్టిన ఏ మ్యూజియంలోనూ మొదటిసారి పది రాలేదు, కాబట్టి మీకు నాలుగే వచ్చినా బెంగపడకండి. రోమ్‌లో ఉన్న ఇక్రోమ్ అనే అంతర్జాతీయ సంస్థ, చిన్న మ్యూజియంలు తమ స్టోర్లను తామే చక్కదిద్దుకోవడానికి రీ-ఆర్గ్ అనే పద్ధతిని తయారుచేసింది. అందులోని కొలతలు నాకు చాలా ఇష్టం, ఎందుకంటే వాటికి డబ్బు అక్కర్లేదు. ఏ వస్తువైనా ఎక్కడుందో మూడు నిమిషాల్లో తేలాలి. దాన్ని బయటికి తీయడానికి రెండుకు మించి వేరే వస్తువులను కదపాల్సి రాకూడదు. ఏ వస్తువూ నేల మీద ఉండకూడదు. ఈ మూడూ కుదిరిన గదిని ధైర్యంగా తెరవవచ్చు.

ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ప్రతి చోటుకూ ఒక గుర్తు ఇవ్వండి. మూడో బీరువా, రెండో అర, ఏడో పెట్టె అయితే 3-2-7. వస్తువును కదిపిన ప్రతిసారీ, పది నిమిషాల కోసమైనా సరే, ఆ ఖాళీలో ఒక చీటీ పెట్టాలి: ఎవరు తీశారు, ఎక్కడికి తీసుకెళ్లారు, ఏ తేదీ. నంబరును వస్తువు మీద మార్కరుతో రాయకండి. లోహం మీద, కుండల మీద అయితే పారలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన లేపనం పలచగా పూసి, ఆరాక దాని మీద సిరాతో రాసి, పైన మళ్లీ ఒక పూత వేస్తారు. కావాలంటే అసిటోన్‌తో తుడిచేయవచ్చు, వస్తువుకు మచ్చ పడదు. బట్టకు నూలు పట్టీ మీద నంబరు రాసి అంచున రెండు కుట్లు వేస్తే చాలు. కాగితం మీద మెత్తని పెన్సిలుతో వెనకవైపు మూల రాయండి. తాళపత్రాల మీద అసలు ఏమీ రాయకండి, కట్టకు వేలాడే చీటీ కట్టండి. ఇచ్చినవాళ్లు అప్పట్లో తమ దస్తూరీతో రాసి అంటించిన పాత చీటీలు కనబడితే వాటిని పీకేయకండి. కొన్నిసార్లు వస్తువు కన్నా ఆ చీటీయే విలువైనది.

ఇంత చేసినా రిజిస్టరులో రాసిన మాట నిజమో కాదో రిజిస్టరు చెప్పలేదు. అది చెప్పగలిగేవాళ్లు గది బయట ఉన్నారు. జనాన్ని పిలవమని నేను పట్టుబట్టేది ముఖ్యంగా ఇందుకే.

నేను పనిచేసిన ఒక మ్యూజియంలో కొమ్ములు, జింక తలలు ఉన్న బీరువాలో ఒక చిన్న అట్టపెట్టె ఉండేది. అందులో జానెడు కూడా లేని వంపు తిరిగిన ఎముక, దాని అంచు పొడవునా సన్నని పళ్లు. ఎముకను ఒక పుల్లకు దారంతో బిగించి కట్టారు. రిజిస్టరులో నా కన్నా ముందు పనిచేసినవారు ఇలా రాశారు: ‘జంతువు ఎముక. పళ్లు ఉన్నవి. ఉపయోగం తెలియదు.’ నేను కూడా పదేళ్లు ఆ పెట్టె దుమ్ము దులిపి అక్కడే పెట్టాను. ఒకసారి స్టోరు చూడటానికి వచ్చిన మహిళా సంఘంలో పొందూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు ఉన్నారు. పెట్టె మూత తీసేసరికి ఆమె చెయ్యి దానంతటదే ముందుకు వచ్చింది. ‘ఇది వాలుగ చేప దవడ బాబూ. దీనితోనే కదా మేము పత్తి దువ్వేది’ అన్నారు. బొటనవేలితో పళ్ల మీద మెల్లగా రాసి చూశారు. ‘అరిగిపోయింది. అరిగిన దవడ దూదిని తెంపుతుంది. అందుకే ఎవరో పక్కన పెట్టేశారు’ అని చెప్పి, గాలిలోనే పత్తికాయ పట్టుకున్నట్టు ఎడమచేయి పెట్టి, కుడిచేత్తో దువ్వి చూపించారు. గింజను అంటుకుని ఉన్న పీచు అంతా ఒకే వైపుకి తిరగాలట, అప్పుడే దారం సన్నగా వస్తుందట.

ఆ సాయంత్రమే రిజిస్టరులో పాత వాక్యాన్ని కొట్టేయకుండా దాని కింద కొత్తది రాశాను: పొందూరు ఖాదీ పనిలో పత్తి దువ్వే వాలుగ చేప దవడ, వాడి అరిగినది, ఫలానా వారు చెప్పారు, ఫలానా తేదీ. పెట్టెను కొమ్ముల బీరువాలోంచి తీసి రాట్నం పక్కన పెట్టాను. పొందూరు మాకు గంటన్నర బస్సు ప్రయాణం. అన్నేళ్లలో ఒక్కసారైనా ఆ పెట్టె పట్టుకుని అక్కడికి వెళ్లాలని నాకు తోచనందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ మాట కొత్తది కాదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాషను సవరల నోటి నుంచి నేర్చుకుని, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి అడగడమే ఆయన పద్ధతి. మీ స్టోరులో బూడితి కంచు, ఇత్తడి పాత్రలు ఉంటే సరుబుజ్జిలి వైపు ఆ పనివాళ్లను పిలవండి. వీణ చెక్క ముక్క ఉంటే బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో అడగండి. ఒకే పనస దుంగలోంచి వీణను తొలిచేవాళ్లు ఆ ముక్క మీద ఉలి ఎటు నడిచిందో చూసి చెప్పగలరు.

ఇక తెరవడం అంటే ఎలా తెరవడం? ఇందులో మూడు దారులు ఉన్నాయి. కెనడాలో వాంకూవర్‌లోని విశ్వవిద్యాలయ మానవశాస్త్ర మ్యూజియం 1976లోనే తన నిల్వలను అద్దాల బీరువాల్లో, సొరుగుల్లో సందర్శకులకు అందుబాటులో పెట్టింది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో బోయ్‌మన్స్ మ్యూజియం 2021లో నిల్వల కోసమే గిన్నె ఆకారంలో పెద్ద భవనం కట్టి, 1,51,000 పైచిలుకు వస్తువులున్న ఆ భవనంలోకి జనాన్ని రానిస్తోంది. అక్కడ వస్తువులను కాలాన్ని బట్టి, దేశాన్ని బట్టి కాకుండా వాటికి కావలసిన చలి, తేమలను బట్టి సర్దారు. లోహం ఒక చోట, కాగితం ఒక చోట. ఈ ఒక్క సంగతి మీరు వెంటనే పాటించవచ్చు. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2025 మే నెలలో తెరిచిన స్టోర్‌హౌస్‌లో 2,50,000 వస్తువులు ఉన్నాయి. అక్కడ ఎవరైనా రెండు వారాల ముందు ఐదు వస్తువుల వరకు ఎంచుకుని కబురు పెడితే, వాటిని బల్ల మీద పెట్టి చూపిస్తారు. దానికి రుసుము లేదు.

మీకు సరిపోయేది ఈ మూడోదే. అద్దాల గోడలకు డబ్బు కావాలి, కరెంటు కావాలి. అడిగిన వస్తువును తెచ్చి చూపించడానికి ఒక బల్ల, ఇద్దరు మనుషులు, సరైన రిజిస్టరు ఉంటే చాలు. 1,100 వస్తువులకూ ఫోనుతో ఫొటో తీసి, నంబరుతో సహా ఒక పుస్తకంగా కుట్టి గ్రంథాలయంలో ఉంచండి. పేపరు చదవడానికి వచ్చినవాళ్లు అది తిరగేస్తారు, తమకు కావలసింది రాసి ఇస్తారు. నెలకు ఒకసారి, రెండో శనివారం అనుకోండి, ఆ వస్తువులు కిందికి వస్తాయి. రెండు నెలలకు ఒకసారి ఎనిమిది మందికి మించకుండా ఒక జట్టును గదిలోకే తీసుకెళ్లండి. సంచులు బయట, నీళ్ల సీసాలు బయట. ముందు ఒకరు, వెనక ఒకరు మీవాళ్లు ఉండాలి. బల్ల మీద మెత్తని తెల్ల నూలు గుడ్డ పరచండి. లోహాలను ముట్టుకునేవాళ్లకు రబ్బరు తొడుగులు ఇవ్వండి, చెమటలోని ఉప్పు వేలిముద్రగా మిగిలిపోతుంది. కాగితానికి, తాళపత్రానికి తొడుగులకన్నా కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు. తొడుగు వేసుకున్న వేలికి అంచు తెలియదు, ఆకు విరుగుతుంది.

పిల్లల సంగతి వచ్చేసరికి ఒక జాగ్రత్త. జమీందారీ కుటుంబాల నుంచి వచ్చిన పులి తలలు, కూరిన జంతువులు ఉంటే వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వకండి. పాతకాలంలో పురుగు పట్టకుండా ఆ చర్మాలకు పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, పూయడం మామూలు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటికి యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి. అది ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇప్పుడు గది సంగతి. మేడ మీద గది అన్నారు. నాకు అన్నింటికన్నా కలవరం కలిగించింది ఆ మాటే. డాబా కింది గది వేసవిలో కాగుతుంది, వానాకాలంలో కారుతుంది. మనది సముద్రతీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. మీ వైపు తిత్లీని మరిచిపోయినవాళ్లు ఉండరు. ఆ ఏళ్లలోనే ఒక సంస్థ నన్ను సాయానికి పిలిచింది. కిటికీ పక్కన నేల మీద పెట్టిన రేకు ట్రంకులోకి నీళ్లు వెళ్లి మూడు రోజులైంది. లోపల తాళపత్రాల కట్టలు ఏడు. వాటికి చుట్టిన ఎర్రగుడ్డ రంగు దిగి ఆకులన్నీ తుప్పు రంగుకు తిరిగాయి. నీడలో, ఫ్యాను గాలికి, ఆకుకూ ఆకుకూ మధ్య అద్దుడు కాగితం పెట్టి, గంటకోసారి మార్చుతూ నాలుగు రోజులు కూర్చున్నాం. ఐదు కట్టలు దక్కాయి. రెండు కట్టలు అతుక్కుపోయి దిమ్మల్లా మిగిలాయి, విప్పబోతే పొరలు ఊడొచ్చాయి. పోయిన రెండూ ఏ గ్రంథాలు అని అడిగాను. రిజిస్టరు తెచ్చి చూపించారు. ‘తాళపత్రాలు, 7 కట్టలు’ అని ఉంది. అంతే. వైద్యమో, జ్యోతిషమో, ఏ ఊరి లెక్కలో. అవి అక్కడికి వచ్చిన తర్వాత చదవగలిగిన ఒక్క మనిషికైనా వాటిని చూపించి ఉంటే కనీసం పేరు మిగిలేది.

వీలైతే స్టోరును కింది అంతస్తుకు మార్చి, హాలును పైకి పంపండి. వీలు కాకపోతే ఇనుప అరల అడుగు నేలకు జానెడు ఎత్తులో, బయటి గోడకు బారెడు దూరంలో ఉండాలి. సెప్టెంబరులోనే డాబా తూములు శుభ్రం చేయించండి. తుపాను హెచ్చరిక రాగానే అరల మీద కప్పడానికి మందపాటి ప్లాస్టిక్ షీటు కొలతకు కోసి సిద్ధంగా ఉంచండి. వాన వెలిశాక అది వెంటనే తీసేయాలి, లేకపోతే లోపల ఉక్కకు బూజు పడుతుంది. తేమ కొలిచే చిన్న పరికరం ఒకటి గోడకు తగిలించి, రోజూ ఒకే వేళకు అంకె రాయించండి. తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బట్టకు, కాగితానికి బూజు వచ్చినట్టే. అప్పుడు ఫ్యాన్లు వేసి గాలి ఆడనివ్వాలి. బీరువా తలుపులు బిగించుకుని కూర్చుంటే ఇంకా చెడుతుంది.

రాగి, కంచు వస్తువుల మీద రెండు రకాల ఆకుపచ్చ ఉంటుంది. గట్టిగా, నున్నగా, ముదురుగా ఉంటే అది నిదానమైన చిలుము, దాని జోలికి పోకండి. లేత ఆకుపచ్చగా, పొడిపొడిగా, గుండుసూది తలంత చుక్కలుగా ఉండి, తుడిచిన కొద్ది రోజులకే మళ్లీ లేస్తుంటే అది రోగం. లోహంలోకి చేరిన ఉప్పు, గాలిలోని తేమ కలిసి లోపలినుంచి తినేస్తున్నాయన్నమాట. ఆ వస్తువును మిగతావాటి నుంచి విడదీసి, గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, తేమ 40 శాతం కన్నా తక్కువలో ఉంచి, లోహాల పరిరక్షణ తెలిసినవారికి చూపించండి. చింతపండుతో మాత్రం తోమకండి. ఇంట్లో బిందెకు అది మంచిదే. మ్యూజియంలో అది బిందె మీది పేర్లనూ, అరుగుదలనూ, మూడు తరాల చేతులనూ కలిపి తోమేస్తుంది.

బట్టలకు వెలుతురు శత్రువు. 50 లక్స్ కన్నా ఎక్కువ వద్దు, అంటే తలుపులు దగ్గరకు వేసి ఒక చిన్న దీపం పెట్టినట్టు. వెలుతురు వల్ల వెలిసిన రంగు ఎన్నాళ్లు చీకట్లో దాచినా తిరిగి రాదు. చీరలను మడత పెట్టకుండా గొట్టానికి చుట్టండి. పురుగు పట్టిన నూలు బట్టను ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్డూ చస్తాయి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు, లేకపోతే బట్ట మీద నీరు పడుతుంది. నాఫ్తలీన్ ఉండలు పూర్తిగా మానేయండి. మూసిన గదిలో ఆ ఆవిరి పీల్చేది ఇక మీదట మీ సందర్శకులు.

చట్టం గురించి రెండు ముక్కలు. 1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన వస్తువు, డెబ్బై ఐదేళ్లు దాటిన విలువైన రాతప్రతి పురావస్తువులే. రాతి, లోహ శిల్పాల వంటివాటిని నమోదు చేయించాలి. శాలిహుండం, దంతపురం చుట్టుపక్కల పొలం దున్నుతుంటే దొరికాయని ఎవరైనా నాణేలో, బొమ్మలో తెస్తే కానుకగా రాసుకోకండి. 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటిన విలువైనది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు తెలియజేయాల్సింది దొరికినవారే. వాళ్లను వెంటబెట్టుకుని మీరే వెళ్లండి. దొరికిన పొలం, లోతు, పక్కనున్న పెంకులు అన్నీ రాయించండి. బంగారం, వెండి, నాణేలు ఏ బీరువాలో ఉన్నాయో ఫొటోల పుస్తకంలో వేయకండి, వాటిని జట్లకు చూపించే గదిలో ఉంచనూ వద్దు.

సవర గ్రామాల నుంచి వచ్చిన పూజా వస్తువులు మీ దగ్గర ఉన్నాయని రాశారు. వాటిని చూపించవచ్చా లేదా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. సీతంపేట వైపు ఆ ఊళ్లకు వెళ్లి, ఫొటోలు చూపించి, పెద్దలను అడగండి. కొన్నింటిని అందరూ చూడవచ్చు అంటారు, కొన్నింటిని గుడ్డ కప్పి ఉంచమంటారు, ఒకటో రెండో తిరిగి ఇచ్చేయమనవచ్చు. ఇచ్చేయండి. ఇచ్చిన సంగతి రిజిస్టరులో రాసుకోండి.

తెరిచేది జనవరిలో పెట్టుకోండి. తుపాన్లు వెళ్లిపోయి ఉంటాయి, గాలి పొడిగా ఉంటుంది, సంక్రాంతికి బయటి ఊళ్ల నుంచి పిల్లలూ పెద్దలూ ఇళ్లకు వస్తారు. మొదటి రోజు ఎవరినో పెద్దలను పిలిచి రిబ్బను కోయించే బదులు, వస్తువులు ఇచ్చిన కుటుంబాలను పిలవండి. ఎవరు ఇచ్చినది వాళ్ల ముందు పెట్టండి. మాటలు వాటంతటవే వస్తాయి. ఇది మా నాన్నమ్మది కాదు, ఆమె అక్కది అంటారు. ఈ గంట ఎడ్లకు కట్టేది కాదు, దున్నపోతుకు కట్టేది అంటారు. పక్కనే కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసుకునే కుర్రవాడిని ఒకరిని సిద్ధంగా ఉంచండి. బల్ల మీద నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు పెట్టండి. పెన్నులు మాత్రం గుమ్మం దగ్గరే తీసి పెట్టించండి, ఒక్క సిరా చుక్క పడితే ఆ చీర మీద నుంచి ఇక పోదు.